పండు వంతు

కట్టేడు 28 (పాత కట్ట తెగిన నాటి నుంచి లెక్క), రోజు 88. నావి 15 గంటలు, పండువి 2.

ఈ పుస్తకంలో ఆఫీసువాళ్లు పై వరుసలోని గంటలు మాత్రమే చూస్తారు. కింద రాసింది ఎవరూ చదవరు. ఒకసారి కావాలనే మేస్త్రి దానియేలు గారిని నాలుగు తిట్లు తిట్టి రాశాను. ఆయన ఆ తిట్ల కిందే సంతకం పెట్టి పంపించాడు. కాబట్టి నేను ఉన్నదున్నట్టే రాస్తాను.

నా పేరు శాంతకుమారి. శాంతం పేరులోనే ఉంది, నాలో వెతక్కండి. ముప్పై నాలుగేళ్లు. మా ఊరు సముద్రం కంటే రెండు నిలువుల కింద ఉంటుంది. సముద్రాన్ని ఆపుతున్న కట్టకు నీళ్లలో దిగి పగుళ్లు పూడ్చడం నా పని. ఈ రోజు ఏడో తూము దగ్గర మూడు పగుళ్లు పూడ్చాను. నాతో దిగినవాళ్లు ఒక్కోటి చేసి పైకొచ్చి వణుకుతూ టీ తాగారు. నాకు నీళ్లంటే బెదురు లేదు. ఎందుకు లేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇదే ఒంట్లో నాతోపాటు ఇంకొకతి ఉంది. పేరు పండు. దానికి ఆరేళ్లు. నాకు ఇన్నేళ్లు వచ్చినా దానికి ఆరు దాటలేదు. అది బయటికొస్తే నేను ఉండను. నిద్ర కూడా కాదు అది, ఆ కాసేపు నాకు లేనే లేదు. మళ్లీ నేను వచ్చేసరికి వేళ్లకు బెల్లం పాకం అంటుకుని ఉంటుంది. మా మణికట్టుకు చట్టప్రకారం ఒక పట్టీ ఉంటుంది. నేనుంటే నీలంగా, అదుంటే పసుపుగా వెలుగుతుంది. ఊళ్లో మాలాంటివాళ్లం పదకొండు మందిమి. అందరం పాత కట్ట తెగిన రోజున చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లమే.

మెలకువగా ఉండే పదిహేడు గంటల్లో రోజుకు తొమ్మిది నావై ఉండాలి. తగ్గితే నీళ్లలో దిగే అనుమతి తీసేస్తారు, నాచు ఎండబెట్టే షెడ్డులో కూర్చోబెడతారు. నీళ్లలో మధ్యలో పండు వచ్చేస్తే ప్రాణం పోతుందని రూలు. రూలు న్యాయమైనదే. కానీ ఆ పని పోతే నాకంటూ ఏం మిగులుతుంది?

రోజు 93. నావి 14, పండువి 3.

పిన్ని సంగతి చెప్పుకోవాలి. మల్లేశ్వరమ్మ పిన్ని, మా అమ్మ చెల్లెలు. అమ్మా తమ్ముడూ కట్ట తెగినప్పుడు పోయారు, నన్ను పెంచింది ఈవిడే. పని నుంచి వచ్చేసరికి పట్టీ నీలంగా ఉంటే, "గిన్నెలో అన్నం ఉంది, పెట్టుకో" అంటుంది, తలెత్తకుండా. పసుపుగా ఉంటే ముద్దలు కలిపి నోట్లో పెడుతుందని పక్కింటివాళ్లు చెప్పారు. ఈ రోజు నేను వచ్చేసరికి నా తలకు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు ఉన్నాయి. పిన్ని నా ముఖంలోకి చూసి, పట్టీ చూసి, "ఓ, నువ్వా" అంది.

ఓ, నువ్వా! ఇల్లు నడుస్తున్నది నా రెక్కల మీద. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. రిబ్బన్లు పీకి పొయ్యి దగ్గర పడేశాను.

"పసిదాని మీద ఏంటే నీకు ఆ కుళ్లు?" అంది పిన్ని.

"పసిదా? దానికీ నాకూ ఒకటే నడుము, నొప్పి మాత్రం నాకే" అన్నాను. పిన్ని నవ్వలేదు.

కుళ్లే. రాసుకుంటే పోయేదేముంది. నాకు పండు అంటే కుళ్లు.

రోజు 96. నావి 14, పండువి 3.

డాక్టర్ సల్మా గారి దగ్గరికి ఎనిమిది నెలలుగా వెళ్తున్నాం. ఆవిడ గదిలో బల్ల మీద జానెడు పొడవు పలక ఉంటుంది. దాని మీద చిన్న దీపం ఎడమకూ కుడికీ జరుగుతుంది. పాత భయాన్ని కొంచెం తలుచుకుంటూ ఆ దీపాన్ని కళ్లతో వెంబడించాలి. భయం పోదు, పాతబడుతుందట. మిగతావాళ్లకు నాలుగు వారాల్లో దీపం మొదలుపెడతారు. మాకు ఎనిమిది నెలలూ తయారీయే. చెయ్యి ఎత్తితే ఆపేయాలి అని ఒక నెల. లేవబోయే ముందు, పైకి వచ్చినదంతా మనసులోనే ఒక డబ్బాలో పెట్టి మూత బిగించడం ఇంకో నెల.

"ఇంత సాగదీత ఎందుకండీ?" అని అడిగాను.

"ఒకరి కోసం తీసిన జ్ఞాపకం ఇంకొకరి మీద పడితే తట్టుకోలేరు శాంతగారూ. ఇద్దరూ ఒప్పుకోవాలి. ముందు పండు, తర్వాత మీరు."

"ముందు అదే ఎందుకు?"

"కట్ట తెగిన రోజు గుర్తున్నది తనకే కాబట్టి. మీకు గుర్తుందా?"

నాకు లేదు. ఆ రోజు గురించి ఏమీ లేదు. అయినా ముందు దానికే అట. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నేను నొక్కిన నొక్కుకి అది చిరిగింది.

రోజు 104. నావి 12, పండువి 5.

పండుకు దీపం రెండుసార్లు అయింది. గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు, నేను లేను కదా. తిరిగొచ్చేసరికి జేబులో డాక్టరు గారు ఇచ్చిన గవ్వ ఒకటి ఉంది. ఎనిమిది నెలల్లో నాకు ఒక్క గవ్వ ఇచ్చిన పాపాన పోలేదు ఆవిడ.

పండు ఇప్పుడు పిలవకుండానే వస్తోంది. ఇదివరకు ఉరుము ఉరిమితేనో ఎవరైనా అరిస్తేనో వచ్చేది, మూల నక్కేది. ఇప్పుడు నవ్వుతూ వస్తోందని ఊరంతా ఒకటే సంబరం. మా దానియేలు మేస్త్రి, పదేళ్లుగా నన్ను మెచ్చుకోని మనిషి, దాన్ని భుజం పట్టుకుని కట్ట మీద తిప్పి పడవలు చూపించాడట. నాకా సంగతి చెబుతూ, "బలే పిల్లమ్మా" అన్నాడు. మధ్యాహ్నం నీళ్లలోకి దిగి, ఒక్క గుక్కలో ఎంతసేపు ఉండగలనో అంతసేపు ఉండిపోయాను. పైకొస్తే ఎవరైనా కంగారు పడతారేమో చూద్దామని. ఎవరూ పడలేదు. శాంతకు ఏమవుతుందిలే అనుకుని ఉంటారు.

రోజు 117. నావి పదిన్నర, పండువి ఆరున్నర.

దానియేలు గారు పుస్తకం తిరగేసి, "ఇట్టాగైతే నెల తిరక్కుండానే తొమ్మిది కిందికొస్తావమ్మాయ్. పైనుంచి కాగితం వస్తే నేనేం చెయ్యలేను" అన్నాడు.

"మీరు దాన్ని కట్ట మీద తిప్పడం మానేయండి, గంటలు అవే మిగులుతాయి" అన్నాను.

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "పిల్ల అడుగుద్దమ్మా. కాదని ఎట్టాగంటాం?"

నేనూ అడిగాను ఆయన్ను, పోయినేడు. నా పేరు పతకానికి పంపమని. ఎంత తేలిగ్గా కాదన్నాడో!

ఇంటికి వెళ్తూ ఒక ఆలోచన వచ్చింది. ఆ గదిలో అదేం చెబుతోంది? ఏం చెబితే ఇంతమంది ఇట్లా కరిగిపోతున్నారు? ఒక్కసారి ఆ కుర్చీలో నేను కూర్చుంటే తెలిసిపోతుంది. దాని ముద్దుమాటలు ఎలా ఉంటాయో అందరూ నాకు చేసి చూపించినవే. ఒక్క పట్టీయే అడ్డం.

రోజు 121. నావి 10, పండువి 7.

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. అయినా రాస్తాను.

పొద్దున కట్ట గోడకు అతుక్కున్న ఆల్చిప్ప గీసుకుందని మణికట్టుకు గుడ్డ చుట్టాను. మందు పెట్టే ఆవిడ కూడా నమ్మింది. పట్టీ రంగు కనిపించదు. సాయంత్రం పండు వెళ్లి నేను వచ్చాక రెండు జడలు వేసుకున్నాను, నా చేత్తో నేనే. డాక్టరు గారి గది గుమ్మంలో తలుపు పట్టుకుని ఊగుతూ, "నేను వచ్చేశా" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. నన్ను చూసి ఎప్పుడూ అట్లా విప్పారలేదు.

"దెబ్బ తగిలిందా నాన్నా?" అంది.

"కొంచమే" అన్నాను. ఆ 'నాన్నా' నన్నే అన్నట్టు విన్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, హాయిగా అనిపించింది.

"పోయినసారి మేడ మీద ఆగాం. అక్కడి నుంచి చూద్దామా? చెయ్యి ఎత్తితే ఆపేస్తాను, గుర్తుందిగా?"

మేడ ఏంటో నాకు తెలియదు. తల ఊపాను. దీపం ఎడమకు వెళ్లింది, కుడికి వచ్చింది. నాలుగైదుసార్లు ఏమీ లేదు. తర్వాత నోట్లో ఉప్పు రుచి తగిలింది.

మా పాత ఇంటి మేడ. దాని మీద నీళ్లు అమ్మ రొమ్ముల దాకా ఉన్నాయి. నేను అమ్మ మెడ పట్టుకుని వేలాడుతున్నాను. తమ్ముడు, మూడేళ్లవాడు, వెనకాల నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ముందు పడవ ఉంది. పడవలో మనిషి చేతులు చాపాడు. అమ్మ వెనక్కి, ట్యాంకు వైపు తిరిగింది. అప్పుడు నేను అరిచాను. "నన్ను ముందు! ఎప్పుడూ వాడినేనా? నన్ను ముందు ఎక్కించు!" అమ్మ నన్ను ఎక్కించింది. తమ్ముడి కోసం వెనక్కి నడిచింది. రెండో అల వచ్చింది. ఆ తర్వాత మేడ లేదు, ట్యాంకు లేదు.

చెయ్యి ఎత్తాను. దీపం ఆగింది. "ఆగు నాన్నా, డబ్బాలో పెట్టి మూత వేద్దాం" అంటోంది ఆవిడ. నేను లేచి పరిగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఇన్నేళ్లూ ఆ పిల్ల దగ్గర ఉన్నది అదా? ఆ అరుపు దాని గొంతులా లేదు, అచ్చం నా గొంతు. ఇన్నాళ్లుగా ఈ పుస్తకంలో నేను రాస్తున్న మాటే అది.

రోజు 122. నావి 17, పండువి 0.

నీళ్లలో దిగలేకపోయాను. మెట్ల మీద నడుము లోతుకు వెళ్లేసరికి కాళ్లు నా మాట వినలేదు. పళ్లు టకటకలాడాయి. దానియేలు గారు పైనుంచి, "ఏంటి శాంతా, నీళ్లు కొత్తా నీకు?" అన్నాడు నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేసి, దిగొచ్చి జబ్బ పట్టుకుని పైకి తీసుకెళ్లాడు. టీ ఇచ్చాడు. నేను వణుకుతూ తాగాను.

నా ధైర్యం నాది కాదు. నా వాటా భయాన్ని కూడా ఆ ఆరేళ్లది మోసింది, నేను ఉత్త చేతులతో దిగి మెప్పు కోసం ఎదురుచూశాను.

రోజు 126. నావి 17, పండువి 0.

అయిదు రోజులు. పండు రావడం లేదు. కావాల్సిన గంటలన్నీ నావే, వాటితో ఏం చెయ్యాలో తెలియడం లేదు. డాక్టరు గారు మూడుసార్లు కబురు పెట్టారు, జ్వరమని చెప్పించాను.

పిన్ని రోజూ కొబ్బరి లౌజు చేసి మూత పెడుతోంది. సాయంత్రం నా మణికట్టు వైపు చూస్తోంది, నీలం చూసి లోపలికి పోతోంది. ఈ రోజు ఉండబట్టలేక చెప్పేశాను. గుడ్డ చుట్టడం, జడలు, మేడ, అరుపు, అంతా.

పిన్ని లౌజు గిన్నె మూత తీసి మళ్లీ పెట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను.

"అక్క నీ తమ్ముణ్ని వదిలేసి నిన్ను పడవ ఎక్కించిందా అని నేనూ అనుకునేదాన్నే" అంది చివరికి. "నువ్వు ఎదురుగా ఉంటే అదే గుర్తొచ్చేది. అందుకే నీ ముఖం చూడలేకపోయేదాన్ని. పండునైతే చూడగలిగేదాన్ని, పసిదని."

ఇన్నేళ్లుగా ఎందుకని నాకు నాలుగు ముద్దలు కలపలేదో తెలిసింది. కోపం రావాలి, రాలేదు. "నాకు పండు కావాలి పిన్నీ" అన్నాను. నా నోట ఆ మాట విని నేనే ఉలిక్కిపడ్డాను.

"వెళ్లి ఆ డాక్టరమ్మకు చెప్పు. చెప్పులు కూడా తెచ్చుకో" అంది పిన్ని.

రోజు 127. నావి 17, పండువి 0.

చెప్పాను. డాక్టర్ సల్మా గారు నన్ను మధ్యలో ఆపకుండా విన్నారు.

"మీరు చేసింది చిన్న తప్పు కాదు. నాదీ ఉంది, ఆ గుడ్డ విప్పి చూడకుండా దీపం వెలిగించాను" అన్నారు.

"పండు పోయిందా?"

"పోలేదు. దాక్కుంది."

"దేనికి భయపడి?"

"మీకే శాంతగారూ. తను ఇన్నేళ్లూ ఆ సంగతి దాచింది మీ దగ్గరే. మీకు తెలిస్తే అసహ్యించుకుంటారని. నాతో మొదటి నెలలోనే చెప్పింది, శాంతక్కకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని."

శాంతక్క! నేను దాన్ని ఏమని పిలిచానో ఈ పుస్తకం నిండా ఉంది. 'ఇంకొకతి', 'అది', 'దానికి'. అది నన్ను అక్క అంటోంది.

ఎక్కిళ్లు పట్టి ఏడ్చాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, ఏడుపు ఆగాక చెప్పారు. ఈసారి దీపం ముందు నేను నేనుగా కూర్చోవాలట. ఆ మేడ మీదికి నేను నాగానే వెళ్లాలట. వారం రోజులు మళ్లీ తయారీ. సాగదీత అని ఇంకెప్పుడూ అనను.

రోజు 134. గంటలు తర్వాత వేస్తాను.

రెండు జడలు వేసుకోలేదు. గుడ్డ చుట్టుకోలేదు. పట్టీ నీలంగా ఉంది. పిన్ని బయట బల్ల మీద కూర్చుంది.

"భయంగా ఉందా?" అన్నారు డాక్టరు గారు.

"ఉంది" అన్నాను. నీళ్ల గురించి నేను ఆ మాట అనడం అదే మొదలు.

దీపం కదిలింది. కొంచెం కొంచెంగా వెళ్లాం, పదిసార్లు ఆపారు. ఉప్పు రుచి వచ్చింది, మేడ వచ్చింది. కానీ ఈసారి నేను అమ్మ మెడ మీద లేను. పడవలో ఉన్నాను, ముప్పై నాలుగేళ్ల దాన్ని, పని బట్టల్లో. పడవ అడుగున ఒక పిల్ల ముడుచుకుని కూర్చుని ఉంది. రెండు జడలు, ఒక రిబ్బను ఊడిపోయింది. పండును నేను చూడటం ఇదే మొదటిసారి. ఎంత చిన్నదో! చేతులు ఎంత సన్నగా ఉన్నాయో! ఆ చేతులు చూసి నేను కుళ్లుకున్నానా?

"పండూ" అన్నాను.

తల ఎత్తలేదు. "నేనే చంపేశా అక్కా. నన్ను ముందు అన్నా. అందుకే అమ్మ తమ్ముణ్ని తీసుకోలేదు."

ఏం చెప్పాలో డాక్టరు గారు నాకు నేర్పలేదు. 'నువ్వు పసిదానివి, నీ తప్పు లేదు' అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పి ఉంటారో, పండు నమ్మలేదు. నేను పడవ అంచు మీదికి వంగి నీళ్లలో అమ్మను చూశాను. నా పని చూసే చూపుతో చూశాను. నీళ్లు రొమ్ముల దాకా ఉన్నాయి, కింద నాచు పట్టిన మేడ జారుతోంది, మెడకు ఒక పిల్ల గట్టిగా వేలాడుతోంది, రెండోవాడు ఎత్తు మీద ఉన్నాడు, పడవ రెండడుగుల దూరంలో ఉంది.

"పండూ, నేను కట్ట మీద ఏం పని చేస్తానో తెలుసుగా?"

"నీళ్లలో దిగుతావు."

"కొత్తగా చేరినవాళ్లకు నీళ్లలో మనుషుల్ని తీయడం నేనే నేర్పుతాను. మొదటి రోజు మొదటి పాఠం ఏంటో చెప్పనా? మెడ పట్టుకున్న మనిషిని ముందు పడవలో పెట్టాలి. ఎవరైనా సరే, ఎవరు ఏమని అరిచినా సరే. మెడ మీద ఒకరు వేలాడుతుంటే రెండోవాళ్లను ఎత్తడానికి చేతులు రావు. ఎత్తబోతే ముగ్గురూ మునుగుతారు. అమ్మ వెనక్కి తిరిగింది వాడు ఎట్లా ఉన్నాడో చూసుకోవడానికే. మెడ మీదున్న నిన్ను దించడానికి ఆ తిరిగిన మనిషి ముందుకు రాక తప్పదు."

పండు తల ఎత్తింది. "నేను అరవకపోతే?"

"అరవకపోయినా నిన్నే. నోరు మూసుకుని కూర్చున్నా నిన్నే. నేను అమ్మ చోట ఉన్నా నిన్నే ముందు ఎక్కించేదాన్ని."

"మరి తమ్ముడు?"

"వాడి కోసమే చేతులు ఖాళీ చేసుకుని వెళ్లింది. అల ముందొచ్చింది. అలకు నువ్వు చెప్పలేదుగా రమ్మని?"

అది తల అడ్డంగా ఊపింది. తర్వాత ఏడ్చింది. మా ఒంట్లో ఇప్పటిదాకా ఎవరం అట్లా ఏడవలేదు. నేను పడవ అడుగున కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. ఒక్క పూచికపుల్లంత బరువు కూడా లేదు. డాక్టరు గారు ఎప్పుడు దీపం ఆపారో తెలియదు. మూత మాత్రం ఇద్దరం కలిసి వేశాం.

కళ్లు తెరిచేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, లోపల మాటలు విన్నట్టుంది. పట్టీ వైపు చూడలేదు, నేరుగా నా ముఖంలోకి చూసింది. కొంగుతో నా ముక్కు తుడిచి, "పద" అంది.

పొద్దుటి నుంచి నావి పది, పండువి ఏడు. ఆ ఏడు గంటల్లో అది ఏం చేసిందో నాకు తెలియదు. నేను వచ్చేసరికి నా వాటా లౌజు కూడా తినేసింది. కుళ్లు పోయిందని అబద్ధం రాయను, ఆ పళ్లెం చూడగానే ఒక్క క్షణం భగ్గుమంది. రేపు మెట్ల మీద మోకాలి లోతుకు దిగి చూస్తాను. అంతకంటే కిందికి దానియేలు గారు వద్దన్నాడు. షెడ్డులో కూర్చోవాల్సి వస్తే కూర్చుంటాను.

పళ్లెం పక్కన ఒక కాగితం ఉంది. ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా లేవు, పెన్సిలు నొక్కి నొక్కి రాసింది. నేను చదివినట్టుగా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"డాక్టరమ్మ రేపు కూడా దీపం పెడతానంది. పిన్ని వద్దు. శాంతక్కే రావాలి."